దోసెడు వెలితి

నా చిన్నప్పుడు నేను బంతి కంటే ముందు తట్టను పట్టుకున్నాను. ఈ మాట సభల్లో చెబితే జనం నవ్వుతారు, ఏదో చమత్కారం అనుకుంటారు. చమత్కారం ఏమీ లేదు. పంటలు అయిపోగానే మా పాలమూరు పల్లెల్లో సగం ఇళ్ళకు తాళాలు పడేవి. గుంపు మేస్త్రి లారీ తెచ్చేవాడు. మొగుడూ పెళ్ళాం, పిల్లాజెల్లా, గంజి గిన్నెలు, గొంగళ్ళు అన్నీ అందులోకి ఎక్కేవి. ఎక్కడ కాలువ తవ్వుతుంటే అక్కడ, ఎక్కడ కట్ట పోస్తుంటే అక్కడ దిగేవాళ్ళం. మాకు గుంట భూమి కూడా లేదు కాబట్టి వానాకాలంలోనూ మాకు అదే బతుకు. కొత్తకోట దగ్గర మా ఊరి బడిలో నా పేరు ఉండేది గానీ, నేను ఉండేవాణ్ణి కాదు.

తరువాతి కాలంలో నేను ఫుట్‌బాల్ ఆటగాణ్ణి అయ్యాను. హైదరాబాదులో ఆడాను, కలకత్తాలో జీతానికి ఆడాను, మోకాళ్ళు అరిగాక మానేశాను. నా జాగా మైదానం నడుమ. వెనక ఉన్నవాళ్ళ దగ్గర బంతి తీసుకోవాలి, ముందు ఉన్నవాళ్ళకు ఇవ్వాలి. గోలు కొట్టినవాణ్ణి జనం భుజాల మీద ఎత్తుకుంటారు. గోలు ఆపినవాడి ఫోటో పేపర్లో వేస్తారు. నడుమ నిలబడ్డవాడు మాత్రం తప్పు చేసినప్పుడే కనిపిస్తాడు. ఆ పని ఎక్కడ నేర్చుకున్నావని చాలామంది నన్ను అడిగారు. ఒక్క పొద్దులో, ఒక కాలువ గట్టు మీద నేర్చుకున్నాను. నేర్పినవాడు మా గుంపు మేస్త్రి. అతన్ని నేను గురువు అనను. ఎందుకు అననో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేస్త్రి మా పక్క ఊరివాడే. ఎప్పుడూ తెల్ల అంగీ, నోటి నిండా నవ్వు. సాయంత్రం కాగానే పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని బెల్లం ముక్కలు పంచేవాడు, పాటలు పాడేవాడు. నన్ను 'అల్లుడా' అని పిలిచేవాడు. మగపిల్లలందరినీ అలాగే పిలిచేవాడు గానీ, ఆ పిలుపు నా ఒక్కడికే అనుకుని నేను మురిసిపోయేవాణ్ణి. ఎవరినీ కొట్టేవాడు కాదు, నోరు పారేసుకునేవాడు కాదు. అందుకే పెద్దవాళ్ళకు అతనంటే అంత భయం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. భాష తెలియని దేశంలో మా తిండి గింజలు, మా తిరుగు లారీ అతని చేతిలో ఉన్నాయన్న సంగతి పిల్లలకు ఎవరు చెబుతారు?

ఆ ఏడు మేము దిగిన చోట కాలువ బాగా లోతు. నెత్తిన తట్ట పెట్టుకుని పైకి రావాలంటే దూరంగా ఉన్న ఏటవాలు బాట చుట్టి రావాలి, దానికి ఆలస్యం అవుతుంది. అందుకని వరుస కట్టేవారు. అడుగున మగవాళ్ళు గడ్డపారలతో తవ్వి తట్టలు నింపుతారు. అక్కడి నుంచి గట్టు పైదాకా మనుషులు మెట్టుకొకరు నిలబడి తట్టను చేతి నుంచి చేతికి అందిస్తారు. పైనున్న మనిషి మన్ను పోసి ఖాళీ తట్టను కిందికి దొర్లిస్తే, దాన్ని ఏరి తవ్వేవాళ్ళకు చేర్చడం మాలాంటి పిల్లల పని. వరుసలో ఏ ఒక్కరు ఆగినా అందరూ ఆగుతారు.

మా అమ్మ అప్పుడు పచ్చి బాలింత. చెల్లె పుట్టి ఇంకా నెల నిండలేదు. ఎంత లేనివాళ్ళమైనా బాలింతను బరువు పనికి పంపడం మా వాళ్ళలో లేదు. నడుముకు పాతచీర బిగించి కట్టి, కారం పొడి అన్నం పెట్టి, ఇంట్లో పడుకోబెడతారు. కానీ అక్కడ ఇల్లు ఏది? మేస్త్రి నవ్వుకుంటూనే మా గుడిసె ముందుకు వచ్చాడు. “చెల్లె, ఊకె నిలవడితె సాలు. వచ్చింది అందుకునుడు, పైకి ఇచ్చుడు, గంతే గద. నీ కొడుకును నీ కిందనే పెడత” అని అమ్మతో అన్నాడు. నాయన తల వంచుకుని గడ్డపార వెతుక్కున్నాడు. నోరు తెరిస్తే నోటికాడి కూడు పోతుంది. అమ్మ చెల్లెకు పాలిచ్చి, గట్టు మీది తుమ్మచెట్టుకు చీర ఉయ్యాల కట్టి, వరుసలోకి దిగింది.

నేనేమో సంబరపడ్డాను. ఖాళీ తట్టలు ఏరే పిల్లల్లో నుంచి నన్ను ఒక్కణ్ణే పెద్దవాళ్ళ వరుసలోకి తీసుకున్నారు మరి. నా కింద పక్క గుడిసె అక్క, నా పైన మా అమ్మ. గట్టు నడుమ కొంచెం వెడల్పుగా ఉన్న మెట్టు నాది. దాని వెనక ఎవరో అంతకుముందు తవ్వి వదిలేసిన గుంత ఉండేది. మొదటి తట్ట రెండు చేతులతో అందుకున్నాను. పైకి తిరిగి అమ్మకు అందించాను. ఆమె వంగి అందుకుంది, లేవబోతూ చిన్నగా మూలిగింది. వరుసలో ఎవరికీ వినిపించలేదు గానీ నాకు వినిపించింది. రెండో తట్టకు కొంగు చివర పళ్ళ కింద పెట్టుకుంది.

మూడో నాలుగో తట్టకు నాకొక ఆలోచన వచ్చింది. కింది నుంచి తట్ట అందుకుని పైకి తిరిగేటప్పుడు, ఆ తిరుగుడులోనే కొంచెం వాల్చితే ఒక దోసెడు మన్ను వెనక గుంతలో పడిపోతుంది. చేతి వేగం తగ్గదు, వరుస ఆగదు, చూసేవాడికి తెలియదు. వాల్చాను. అమ్మకు తట్ట వెలితిగా అందింది. ఆమె మూలగలేదు. నా అంత తెలివైనవాడు ఆ గుంపులో లేడనిపించింది. ఆ తరువాత ప్రతి తట్టకూ ఒక దోసెడు. కొన్నింటికి దోసెడున్నర. మధ్యాహ్నం గంజి తాగేటప్పుడు కూడా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. లోపల మాత్రం నవ్వుకుంటూనే ఉన్నాను.

పొద్దు వాలుతుండగా మేస్త్రి వరుస పక్కనే దిగుతూ వచ్చాడు. నా దగ్గర ఆగి తన సీసాలోని నీళ్ళు తాగించాడు. “మంచిగ పట్టినవు అల్లుడా పని. గిట్లనే కానియ్” అన్నాడు. అతని చూపు ఒక్క క్షణం నా వెనక గుంత మీదికి పోయి వచ్చింది. చూడలేదనుకున్నాను. చూశాడు. పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నాడు. పొద్దున్నే ఒక మాట అని ఉంటే నాలుగు తట్టల మన్నుతో పోయేది. అతనికి నాలుగు తట్టలు సరిపోలేదు. కుప్ప పెరగాలి, నా చేతులతోనే పెరగాలి. అందుకోసం ఎంత ఓపిక పట్టాడో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

పని దిగే వేళకు ఈల వేశాడు. అందరూ గడ్డపారలు పడేసి పైకి నడుస్తుంటే, గట్టు మీదనే కూర్చోమన్నాడు. నా మెట్టు దగ్గరికి వచ్చి గుంత చూపించి, “ఏంది అల్లుడా, గీ మన్ను ఏడికెళ్లి వచ్చింది?” అన్నాడు. గుంత నిండిపోయి, పొర్లి, నా మెట్టు మీద మోకాలెత్తు కుప్ప అయింది.

“కాలువ మన్ను కాలువలనే ఉంటె రేపు ఇంజినీరు సారు నన్ను అడుగుతడు. పైకి పోవాలె. ఎవరు మోయాలెనో నువ్వే చెప్పు.”

నేనే మోస్తానన్నాను. మేస్త్రి పకపకా నవ్వాడు. “నువ్వు మోస్తె ముచ్చటేముంది? ఎవరి కోసం పారబోసినవో గామెనే మోయాలె. నింపేటోనివి నువ్వు.”

గట్టు మీద నాయన లేచి నిలబడ్డాడు. మేస్త్రి అటు తిరగను కూడా తిరగలేదు. “లేసినోళ్లు లేసినట్టే ఊరికి నడుసుకుంట పోవచ్చు. లారీల జాగా లేదు” అని గాలిలోకి అన్నట్టుగా అన్నాడు. మా ఊరు ఎటు దిక్కున ఉందో కూడా మాలో ఎవరికీ తెలియదు. నాయన కాసేపు అలాగే నిలబడి కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం నేను చూశాను. నేను చూశానని ఆయనకు తెలుసు. ఆయన బతికి ఉన్నంత కాలం ఆ సంగతి మా ఇద్దరి మధ్య రాలేదు.

ఏటవాలు బాట చుట్టి, నెత్తిన తట్టతో మా అమ్మ ఒక్కతే. గుంపు గుంపంతా కూర్చుని చూస్తోంది. మొదటి తట్ట నేను మూడు పారలే వేసి వదిలేశాను. అమ్మ తట్టలోకి చూసింది, తరువాత కుప్పను చూసింది. “నిండ నింపు బిడ్డా. తక్కువ నింపితె ఎక్కుడే ఎక్కువైతది” అంది. నాకు ఏడుపు ఆగలేదు. “నా మొకం సూడకు, పార సూడు” అంది. నింపాను. మా అమ్మ నెత్తి మీదికి మన్ను నా చేతులతో నేనే నింపి, నేనే ఎత్తాను. నిండుగా నింపితే ఆమె మెడ వంగిపోతోంది. వెలితిగా నింపితే ఇంకోసారి ఎక్కాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రెంటి నడుమ నన్ను నిలబెట్టి పార నా చేతికే ఇచ్చాడు.

గట్టు మీద చెల్లె పాల కోసం ఏడ్వడం మొదలుపెట్టింది. అమ్మ బాట ఎక్కి పైకి వచ్చిన ప్రతిసారీ ఆ తుమ్మచెట్టు పక్క నుంచే పోవాలి. పోయేది, ఆగడానికి లేదు. ఆమె రవికె తడిసిపోయింది. ఏ ఆడమనిషైనా లేచి పిల్లను ఎత్తుకుంటుందేమోనని చూశాను. ఎవరూ లేవలేదు. మేస్త్రే వెళ్ళి ఉయ్యాల ఊపాడు. ఊపుతూ జోలపాట కూడా పాడాడు. చాలా మంచి గొంతు అతనిది.

కుప్ప అయిపోయాక మేస్త్రి నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. పాఠం చెప్పేవాడి లాగా నెమ్మదిగా మాట్లాడాడు. “సూసినవా అల్లుడా? పొద్దుగాల సంది దోసెడు దోసెడు తగ్గిచ్చినవు. తగ్గిందా? వరుసల నిలవడ్డోడు జాలి పడొద్దు. నీకాడ ఆపిన మన్ను మాయమైపోదు. ఎన్నటికైన నువ్వు జాలి పడ్డోళ్ల నెత్తి మీదికే వస్తది.” తరువాత నా అరచేతిలో ఒక బెల్లం ముక్క పెట్టాడు. ఆకలి మీద ఉన్నాను, తిన్నాను. తియ్యగానే ఉంది.

ఆ పొద్దు తరువాత మా అమ్మ ఎన్నడూ నిటారుగా నిలబడలేదు. కడుపులో ఏదో జారిందని ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. గుడ్డలు బిగించి కట్టుకుని అదే వరుసలో ఇంకా కొన్నేళ్ళు నిలబడింది. పాలమూరు దవాఖానలో డాక్టరమ్మ చూసి, ఇది బాలింతగా బరువులు మోసినందుకు వచ్చిందని చెప్పేనాటికి నేను మీసాలు వచ్చిన మొగాణ్ణి. దాని సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. నన్ను మాత్రం అమ్మ మళ్ళీ లారీ ఎక్కనివ్వలేదు. ఊరికి తిరిగి రాగానే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, పాస్టరుగారి కాళ్ళావేళ్ళా పడి మిషన్ హాస్టల్లో చేర్పించింది.

ఆ హాస్టల్లో డ్రిల్లు సారు ఒక పాత ఫుట్‌బాలు తెచ్చి మా మధ్యలో పడేశాడు. మిగతా పిల్లలందరూ బంతి వెంట గొర్రెల మందలా పరుగెత్తారు. నేను పరుగెత్తలేదు. నడుమ నిలబడ్డాను. నా కాలి దగ్గరికి వచ్చిన బంతిని ఆపకుండా, ఖాళీగా ఉన్నవాడికి గట్టిగా కొట్టాను. సారు ఆట ఆపి, ఎవరు నేర్పార్రా అని అడిగాడు. అక్కడి నుంచి జిల్లా జట్టు, హైదరాబాదు, కలకత్తా. దారి పొడుగునా కోచ్‌లు మారారు గానీ నా ఆట మారలేదు. బంతి నా దగ్గర ఆగేది కాదు. నేను ఇచ్చే బంతి మెత్తగా ఉండేది కాదు.

ఆట తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. తోటివాడు అలసిపోయాడని జాలిపడి బంతిని నెమ్మదిగా దొర్లిస్తే, అది అతని దగ్గరికి ఒంటరిగా చేరదు. ఎదుటి జట్టు వాడి బూటు కూడా దానితోపాటే చేరుతుంది. మెత్తటి పాస్‌కు విరిగిన కాళ్ళను నేను చాలా చూశాను. నావల్ల ఒక్క కాలూ విరగలేదు. అయినా జట్టులో నాకు 'బండరాయి' అని పేరు. బంతి ఇస్తున్నాడా, పగ తీర్చుకుంటున్నాడా అని గొణిగేవారు.

కలకత్తాలో రెక్క మీద, అంటే మైదానం అంచున, ఆడే ఒకతను, గుంటూరు వైపు వాడు, నాకు ప్రాణ స్నేహితుడు. ఒకే గది, ఒకే గిన్నెలో వంట. ఒక ఏడు అతని మోకాలు వాచింది. పెద్ద మ్యాచ్ ముందు గదిలో నన్ను బతిమాలాడు, ఇవాళ ఒక్కరోజు కొంచెం మెత్తగా ఇవ్వరా అని. నేను సరే అనలేదు, కాదనలేదు. మైదానంలో ఎప్పటిలాగే కొట్టాను. అతను అందుకోలేకపోయాడు. ఒకటి జారింది, రెండు జారాయి, జనం అరిచారు, సగం ఆటలోనే బయటికి పిలిచేశారు. ఆ ఏడాది చివర క్లబ్బు అతన్ని వదిలేసింది. పెట్టె సర్దుకుంటూ, “నీకు గుండె లేదు” అన్నాడు. అతని రెండు కాళ్ళూ విరగకుండానే ఉన్నాయి. ఆ కాళ్ళతోనే గది దాటి నడిచి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఉత్తరం ముక్క రాయలేదు.

తెలంగాణ వచ్చాక పాత ఆటగాళ్ళను పిలిచి శాలువాలు కప్పే ముచ్చట మొదలైంది. అలాంటి ఒక సభలో ఒక పేపరువాడికి నేను చెప్పిన కాలువ కథ చదివిన ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, అలాంటి మేస్త్రీలు ఉండబట్టే ఇలాంటి ఆణిముత్యాలు పుట్టాయని, ఈ కాలం పిల్లలకు ఆ కష్టం తెలియాలని చప్పట్లు కొట్టించాడు. నాకు ఒళ్ళు మండింది. నా వంతు వచ్చినప్పుడు, “సారూ, మీ అమ్మగారిని కూడా బాలింతగా ఉన్నప్పుడు ఒక్కసారి గట్టు ఎక్కించి ఉంటే మీరు కూడా ఆణిముత్యం అయ్యేవారు” అన్నాను. చప్పట్లు లేవు. ఆ తరువాత ఆ సంఘం వాళ్ళు నన్ను పిలవలేదు, నేనూ పోలేదు. మేస్త్రి చెప్పిన మాట నిజం. చెప్పినవాడు నీచుడు. ఒకటి నిజమైనంత మాత్రాన రెండోది అబద్ధం అయిపోదు.

ఇప్పుడు పాలమూరులోనే ఉంటున్నాను. సాయంత్రాలు మైదానంలో ఆడపిల్లలకు ఆట నేర్పుతాను. అమ్మ మా ఇంట్లోనే ఉండేది. బాగా ముసలిదయ్యాక కూడా, ఇంట్లో తోచడం లేదని ఆటో ఎక్కి నాతో వచ్చి మైదానం మెట్ల మీద కూర్చునేది. ఒకరోజు నడుమ ఆడే ఒక పిల్ల, పడి లేచి కుంటుతున్న తన జతగత్తెకు బంతిని మెత్తగా దొర్లించింది. ఈల వేసి ఆట ఆపాను. అందరి ముందూ నిలబెట్టి అడిగాను, అది నీ స్నేహితురాలా, శత్రువా అని. జాలి ఉంటే ఇంట్లో పెట్టి రమ్మన్నాను. ఆ పిల్ల ఏడ్చింది. ఏడ్చినా అదే బంతిని గట్టిగా కొట్టేదాకా వదల్లేదు.

ఆటోలో తిరిగి వస్తున్నాం. అమ్మ తనంతట తనే, “పొల్లను మరీ గంత మాట అన్నవు” అంది. కాలువ గట్టు సంగతి మరిచిపోయావా అన్నాను. మా ఇద్దరి మధ్య ఆ మాట రావడం అదే మొదలు. నేను మన్ను పారబోసినందుకే గద నీ బతుకు ఇట్లయింది అన్నాను.

అమ్మ నా వైపు వింతగా చూసింది. “నాకు ఎరుకనే గద బిడ్డా. తట్ట తేలికగ వచ్చింది, గప్పుడే ఎరుకైంది.”

మరి అప్పుడే ఎందుకు అనలేదని అడిగాను.

“అంటె నువ్వు ఆపుతుంటివి గద” అంది. ఆటో కుదుపుకు నా మోకాలు పట్టుకుని, బయటికి చూస్తూ మళ్ళీ అంది. “ఎక్కుడు గిక్కుడు నాకేం యాదికి లేదు. నడుముకు ఉన్నదేమో. మీ నాయిన గాని, మా అవ్వగారింటోళ్లు గాని, నా బరువు తీసినోళ్లు లేకుండె. గా పొద్దంత నా పిలగాడు తీసిండు. గదే యాదికున్నది.”

ఆ ఏడు వానలు మొదలవకముందే అమ్మ పోయింది. ఆట నేర్పడం నేను మానలేదు. గట్టిగా కొట్టమనే చెబుతున్నాను. మైదానంలో అదే సరైనది, ఈ వయసులో ఇంకో రకంగా చెప్పడం నాకు చేతకాదు. ఏడ్చిన పిల్ల ఇప్పుడు జిల్లా జట్టులో నడుమ ఆడుతోంది. కానీ నా బతుకంతా ఆ గుంతలో మన్ను చూసి నేను సిగ్గుపడ్డాను, అది నేను చేసిన ద్రోహం అనుకున్నాను. అమ్మ మాట విన్న నాటి నుంచి ఆ సిగ్గు పోయి, దాని జాగాలో ఇంకో బాధ వచ్చి కూర్చుంది. ఆ పొద్దు ఇంకా కొంచెం ఎక్కువ పారబోయలేదే అని.